క్యారెట్, నారింజ కుకీలు మెత్తగా రావాలంటే

పెరటి క్యారెట్‌ను పచ్చిగా తురిమి, నారింజ రసం పోసి చేస్తే కుకీలు లోపల తడిముద్దగా ఉంటున్నాయని, ఇంకాసేపు కాలిస్తే గట్టిపడుతున్నాయని అడిగారు. చిక్కంతా నీటితోనే. క్యారెట్‌లో దాదాపు 88 శాతం నీరే ఉంటుంది. దానికి రసం కూడా తోడైతే పిండి జారిపోతుంది. జారుతోందని మైదా కలుపుతాం, మైదా పెరిగేకొద్దీ మెత్తదనం పోతుంది.

నేను క్యారెట్‌ను ఆవిరి మీద ఉడికించి, నీరంతా వార్చి, మెత్తగా మెదుపుతాను. ఆ ముద్ద పూర్తిగా చల్లారాలి, లేకపోతే వెన్న కరిగిపోతుంది. 250 గ్రాముల మైదాకు 120 గ్రాముల వెన్న, అంతే పంచదార, ఒక గుడ్డు, 150 గ్రాముల క్యారెట్ ముద్ద, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. మైదా చివరగా వేసి, పొడి కనిపించకుండా పోగానే గరిటె ఆపేయండి. ఎక్కువ కలిపితే కుకీ రబ్బరులా సాగుతుంది.

ఇక నారింజ. దీని విషయంలో నాకు గట్టి పట్టింపే ఉంది: పిండిలోకి తొక్క, పైపూతకు రసం. సువాసన నూనె ఉండేది తొక్క పైపొరలోనే. సన్నని తురుముపీట మీద ఆ రంగు పొరను మాత్రమే గీరండి, కింద తెల్లపొర తగిలితే చేదు వస్తుంది. ఆ తురుమును ముందుగా పంచదారలో వేసి వేళ్లతో నలపండి. పంచదార కాస్త తడిసి, లేత నారింజ రంగుకు తిరిగి, గది అంతా ఘుమఘుమలాడుతుంది. వెన్న ఆ తర్వాతే కలపాలి. నిమ్మ తొక్కకూ ఇదే పద్ధతి.

ఓవెన్‌ను ముందే 180 డిగ్రీలకు వేడిచేసి, 12 నిమిషాలు కాగానే ఒకసారి చూడండి. అంచులు నిలబడి, నడుమ వేలితో తాకితే ఇంకా కొంచెం మెత్తగా ఉన్నప్పుడే బయటికి తీయాలి. మిగిలిన కాస్తా ట్రే వేడికే ఉడుకుతుంది. పూర్తిగా కాలేదేమోనని మళ్లీ లోపల పెట్టారా, మెత్తదనం మీద ఆశ వదులుకోవాల్సిందే.

క్యారెట్‌కు బదులు గుమ్మడికాయ ముద్దనైతే కాసేపు బాణలిలో వేయించి తడి ఇగరనివ్వండి. జుకినీని (కీరదోసలా కనిపించే గుమ్మడి జాతి కాయ) ఉడికించవద్దు, తురిమి గుడ్డలో వేసి గట్టిగా పిండాలి.

కుకీలు చల్లారాక పొడి పంచదారలో నారింజ రసం చుక్కచుక్కగా కలిపి పైన పూయండి. పూత ఆరాక, కుకీల వరుసల మధ్య కాగితం పరిచి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి. తడి ఉన్న కుకీలు కనుక రెండు రోజులు దాటితే ఫ్రిజ్‌లోకి మార్చండి.