గైడు గుమ్మం దాకానే

చి. సౌ. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

దసరా వెళ్ళాక మీ అత్తగారూ మామగారూ ఫ్రాంక్‌ఫర్ట్ వస్తున్నారని, వాళ్ళకి ఆమ్‌స్టర్‌డామ్‌లో అన్నే ఫ్రాంక్ దాక్కున్న ఇల్లు చూపిద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా దాక్కుని డైరీ రాసిన ఆ యూదు పిల్ల పుట్టింది మీరుంటున్న ఊళ్ళోనే, 1929లో. ప్రైవేటు గైడుని కూడా మాట్లాడుతున్నావట. డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం ఓసారి చదువు. పోయినేడు మీ బావ దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ మీ అత్తయ్యా ఇదే పని చేసి బోల్తా పడ్డాం.

గైడు కుర్రాడు మంచివాడే. మూడు గంటలు ఊరు తిప్పి, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలవ గట్టున 263 నంబరు ఇంటిముందు ఆగి, ఇక సెలవన్నాడు. లోపలికి రావా అంటే వింతగా చూశాడు. లోపల గైడులు దగ్గరుండి చూపించే పద్ధతే లేదట. ఆడియో చేతికిస్తారు, అంతే. సరే, మా టిక్కెట్లేవి అన్నాను. అవి మీరే కొనుక్కోవాలి కదండీ అన్నాడు. ముందు అడగని తప్పు నాది, చెప్పని తప్పు వాడిది. ఆ టిక్కెట్లు అక్కడ కౌంటర్లో అమ్మరు. తేదీ, టైము వేసి ఆన్‌లైన్లోనే ఇస్తారు. ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి రోజులకి వదులుతారు. తిరుమల మూడొందల టిక్కెట్ల లాగే చూస్తుండగా అయిపోతాయి. అంచేత ముందు టిక్కెట్టు, ఆ టైముని బట్టి గైడు. మాకు తిరుగు ప్రయాణానికి రెండ్రోజుల ముందు ఎవరో వదులుకున్నవి దొరికాయి కాబట్టి సరిపోయింది.

అలాగని గైడు దండగ అనుకోకు. వాడి అవసరమంతా బయటే. మేర్వేడెప్లైన్ అనే చౌరస్తా దగ్గర మొదలుపెట్టమను. ఫ్రాంక్ కుటుంబం అక్కడే ఉండేది. (ఆ ఫ్లాట్లో ఇప్పటికీ మనుషులుంటారు, బయటినుంచి చూసి వచ్చేయండి.) 1942 జులై 5న పెద్దమ్మాయి మార్గోట్‌కి జర్మనీలో పనికి రమ్మని నోటీసు వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఇల్లు వదిలేశారు. నాజీల రూలు ప్రకారం అప్పుడు యూదులు ట్రామ్ ఎక్కకూడదు. పెట్టె పట్టుకెళ్తే అనుమానం, అందుకని బట్టల మీద బట్టలు తొడుక్కుని, అన్నే, తల్లీ, తండ్రీ జోరువానలో నడిచారు. సుమారు నాలుగు కిలోమీటర్లు. ఆ దారిలో కొంతైనా నడిపించమని గైడుని అడుగు. మీ అత్తగారు నడవలేకపోతే సగం నుంచి ట్రామ్ ఎక్కండి. ఎక్కేటప్పుడు వాళ్ళని ఎక్కనివ్వలేదన్న సంగతి తప్పకుండా గుర్తొస్తుంది, మాకు వచ్చింది.

ఇంకో చోటు ప్లాంటేజ్ వీధి. అక్కడున్న పాత నాటకశాలలో యూదుల్ని పోగేసి, అక్కణ్ణించి క్యాంపులకి పంపేవారు. పసిపిల్లల్ని మాత్రం ఎదురుగా ఉన్న శిశు కేంద్రంలో ఉంచేవారు. అందులోంచి దాదాపు 600 మంది పిల్లల్ని దొంగచాటుగా దాటించారు. ఎలాగంటే, మధ్యలో ట్రామ్ వచ్చి అడ్డం నిలిస్తే అవతలి కాపలావాడికి ఈ గుమ్మం కనబడదు. ఆ కాసేపట్లో బిడ్డని చంకనేసుకుని బయటపడేవారు. పక్క స్కూలు పెరటిలోంచీ దాటించారు. ఆ స్కూలు భవనంలోనే 2024లో హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) మ్యూజియం తెరిచారు. ఆ వీధిలో ట్రామ్ ఇప్పటికీ తిరుగుతుంది. మా గైడు నోటితో ఏమీ చెప్పకుండా, ట్రామ్ వచ్చేదాకా మమ్మల్ని ఆ ఫుట్‌పాత్ మీద నిలబెట్టాడు. అది వచ్చింది, అవతలి గోడ మాయమైంది, పోయింది. ఎన్ని సెకన్లో నువ్వే లెక్కపెట్టుకో. వాడికిచ్చిన డబ్బు నాకు అక్కడ గిట్టింది.

గైడుని ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యి: అన్నే వాళ్ళని పట్టించిందెవరు? ఇన్నేళ్ళు గడిచినా అది తేలలేదు. అసలు ఎవరైనా పట్టించారా, వేరే పని మీద వచ్చిన పోలీసులకి దొరికిపోయారా అని కూడా పరిశోధకులు అడుగుతున్నారు. ఫలానావాడే అని ఠక్కున చెప్పేవాడైతే ఇంకొకణ్ణి చూసుకో.

ఇక లోపల. డచ్‌లో ఆ భాగాన్ని వెనకిల్లు అనే అంటారు, మన పెరటివైపు వాటాలాంటిదే. పుస్తకాల అలమర తలుపులా తెరుచుకుంటుంది, దాని వెనక నిచ్చెనంత నిటారు మెట్లు. మీ మామగారి మోకాళ్ళ సంగతి ముందే ఆలోచించు. ఫోటోలు తియ్యనివ్వరు, పెద్ద బ్యాగులు వద్దు. గదులన్నీ ఖాళీగా ఉంటాయని కూడా ముందే చెప్పు. అరెస్టు తర్వాత సామానంతా జర్మన్లు ఎత్తుకుపోయారు. అక్కడ దాక్కున్న ఎనిమిది మందిలో బతికి వచ్చింది అన్నే తండ్రి ఒక్కడే, ఖాళీగానే ఉంచమన్నది ఆయనే. మీ అత్తయ్య మొదట "ఇందుకా ఇంత దూరం?" అని నా చెవిలో గొణిగింది. తర్వాత ఓ గోడ దగ్గర ఆగిపోయింది. పిల్లలిద్దరి ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గీసిన గీతలు, మనం మీ బావకి గుమ్మం పక్కన గీసినట్టే. దాక్కున్న రెండేళ్ళలో అన్నే పదమూడు సెంటీమీటర్ల పైన పెరిగింది. కింద గోడౌన్లో పనివాళ్ళు ఉన్నంతసేపూ అడుగుల చప్పుడు కూడా కాకూడదు, అయినా పిల్ల పెరిగింది. మీ అత్తయ్య మళ్ళీ బయటికొచ్చేదాకా మాట్లాడలేదు. అక్కడ గైడు లేకపోవడమే మేలయింది.

మర్నాడు ఖాళీ ఉంటే హార్లెమ్ వెళ్ళండి, రైల్లో ఇరవై నిమిషాల లోపే. టెన్ బోమ్ అనే కుటుంబం తమ గడియారాల కొట్టు మేడమీద, పడగ్గదిలో దొంగగోడ కట్టి మనుషుల్ని దాచింది. 1944 ఫిబ్రవరి 28న సోదా జరిగినా గోడ వెనక ఆరుగురు దొరకలేదు. దాదాపు రెండ్రోజులు అందులోనే నిలబడ్డారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అక్కడ మాత్రం వాళ్ళే గైడునిస్తారు, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. నువ్వు వేరే గైడుని పెట్టుకోనక్కర్లేదు.

అన్నే ఇంట్లోంచి బయటికొచ్చిన గంటలో పడవ షికారు, మధ్యాహ్న భోజనం లాంటివి పెట్టుకోకు. కాలవ గట్టున కాసేపు కూర్చోండి.

టిక్కెట్లు మంగళవారం పొద్దున్న పదింటికి వదులుతారు. పావుగంట ముందే లాప్‌టాప్ తెరిచి కూర్చో. దొరికాయో లేదో సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ మామయ్య