పిలనెస్‌బర్గ్‌కు రెండు కుటుంబాల ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటున్నాము. జూలైలో మా అత్తగారు, మామగారు ఇక్కడికి వస్తున్నారు. వారితో, ఇద్దరు పిల్లలతో, మరో స్నేహితుల కుటుంబంతో కలిసి శని, ఆదివారాల్లో రెండు కార్లలో ఏదైనా గేమ్ రిజర్వ్‌కు (వన్యప్రాణులను చూసే రక్షిత అడవికి) వెళ్లాలనుకుంటున్నాము. కొందరు క్రూగర్ అంటున్నారు, కొందరు పిలనెస్‌బర్గ్ చాలంటున్నారు. ఎటు వెళ్తే మంచిది? రెండు రోజుల్లో జంతువులన్నీ కనిపించాలంటే ఏం చేయాలి?

జవాబు: రెండే రోజులు, పైగా పెద్దవారు కూడా వెంట ఉన్నారు కాబట్టి పిలనెస్‌బర్గ్‌కే వెళ్లండి. క్రూగర్ ద్వారం చేరడానికే సుమారు అయిదు గంటలు కూర్చోవాలి, తిరిగి రావడానికి మరో అయిదు గంటలు. పిలనెస్‌బర్గ్‌కు రెండున్నర గంటలు చాలు. దగ్గరగా ఉంది కదా అని దాన్ని తక్కువగా చూడనవసరం లేదు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఒక అగ్నిపర్వతం అరిగిపోగా మిగిలిన కొండల వలయాలలో, సుమారు 550 చదరపు కిలోమీటర్ల మేర ఆ అడవి పరుచుకుని ఉంది. ఒకప్పుడు అక్కడ పొలాలు, పశువుల మేత భూములు ఉండేవి. 1979లో ‘ఆపరేషన్ జెనిసిస్’ పేరిట చుట్టూ కంచె వేసి, వేర్వేరు చోట్ల నుంచి సుమారు ఆరు వేల జంతువులను తెచ్చి వదిలారు. సింహాలను మాత్రం ఆ తరువాత, 1990లలో, నమీబియా నుంచి తీసుకొచ్చారు. మనుషులు పూనుకుని తిరిగి నిలబెట్టిన అడవి అది. మీ పిల్లలకు ఈ సంగతి దారిలోనే చెప్పండి, చూసే ప్రతి జంతువు వారికి మరింత ముఖ్యమవుతుంది.

ఇక జంతువులన్నీ కనిపించాలన్న ఆశను దయచేసి ఇంటి దగ్గరే వదిలి బయలుదేరండి. ఆ ఆశ ఉన్న కారు ఒక్క చోటా ఆగదు, ఎవరో సింహం ఉందన్న మలుపు వైపు పరుగెత్తుతూనే ఉంటుంది, అక్కడికి చేరేసరికి సింహం పొదల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. నేను చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: తక్కువ తిరగండి, ఎక్కువసేపు ఆగండి. జూలై అక్కడ చలికాలం, వానలు లేని పొడి కాలం. గడ్డి పలచబడి, చెట్ల ఆకులు రాలి చూపు దూరం పారుతుంది. నీళ్లు కొన్ని చోట్లే మిగులుతాయి కాబట్టి జంతువులు అక్కడికి వచ్చి తీరాలి. రిజర్వ్ నడుమ ఉన్న మాంక్వే జలాశయం ఒడ్డున, నీళ్ల వైపు కట్టిన చాటుగది ఒకటి ఉంది. అక్కడ కారు దిగి లోపల కూర్చోవచ్చు. గంటసేపు కదలకుండా కూర్చుంటే నీటిగుర్రాలు, మొసళ్లు, నీళ్లు తాగడానికి దిగే జీబ్రాలు, రకరకాల పక్షులు కనిపించే అవకాశం బాగా ఉంటుంది. గంటల తరబడి కారులో కూర్చోలేని మామగారికి కూడా అది హాయి.

ఉదయం ద్వారం తెరిచే వేళకే అక్కడ ఉండండి, ఎందుకంటే సింహాలూ చిరుతలూ ఎండ ఎక్కేలోపే కదులుతాయి. ఆ వేళ చలి గట్టిగా ఉంటుంది, పెద్దవారికి దుప్పట్లు, పిల్లలకు టోపీలు తప్పనిసరి. గంటకు 40 కిలోమీటర్ల వేగపరిమితి ఉంది కానీ ఏదైనా చూడాలంటే అందులో సగం వేగం మేలు. జిరాఫీలో, ఇంపాలా జింకలో మేత మాని అన్నీ ఒకే వైపు తదేకంగా చూస్తుంటే మీరూ కారు ఆపి అటే చూడండి. వేటాడే జంతువు జాడ మనకన్నా ముందు వాటికే తెలుస్తుంది.

మరుగుదొడ్లు పిలనెస్‌బర్గ్ సెంటర్ వంటి కొన్ని చోట్లే ఉంటాయి. కారు దిగడానికి అనుమతి కూడా సూచించిన చోట్లలోనే. అందుకని ద్వారం దగ్గర పటం కొని, ఆ చోట్లను ముందే గుర్తు పెట్టుకుని దారి నిర్ణయించుకోండి.

ప్రశ్న: రెండు కార్లూ విడిపోకుండా ఒకదాని వెనుక ఒకటి దగ్గరగా వెళ్లాలని మా ఆలోచన. దారిలో ఏనుగు ఎదురైతే ఏం చేయాలి?

జవాబు: ఈ ఒక్క విషయంలో నా మాట తప్పక వినండి: దగ్గరగా వెళ్లకండి. ఏనుగు ఎదురు తిరిగినప్పుడు ముందు కారుకు ఉన్న దారి వెనుకకే, ఆ దారిలో మీ స్నేహితుల కారు ఆనుకుని నిలబడి ఉంటే వారికీ మీకూ కదిలే వీలుండదు. రెండు కార్ల మధ్య కనీసం ఆరేడు కార్ల దూరం ఉంచండి. ముందు కారు వెనక్కి రావడం మొదలుపెట్టగానే వెనుక కారు కూడా మారుమాట లేకుండా వెనక్కి పోవాలని బయలుదేరేముందే అనుకోండి.

పిలనెస్‌బర్గ్ ఏనుగుల కథ తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. తొలినాళ్లలో క్రూగర్ నుంచి తెచ్చినవి, ఏనుగుల సంఖ్య తగ్గించడానికి అక్కడి అధికారులు మందలను చంపినప్పుడు మిగిలిన పిల్ల ఏనుగులు. పెద్ద మగ ఏనుగుల అదుపు లేకుండా పెరిగిన ఆ మగపిల్లలకు వయసుకు ముందే మదం పట్టింది, అది చాలా కాలం దిగేది కాదు. 1992 నుంచి 1997 వరకు అవి 40కి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపాయి. 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలాక కుర్ర ఏనుగుల మదం తగ్గి ఆ హత్యలు ఆగాయి. ఇంట్లో పెద్దదిక్కు రావడం వంటిదే అది. ఇప్పుడు అక్కడి ఏనుగులు సాధారణంగా ప్రశాంతంగానే ఉంటాయి, కానీ మదం మాత్రం ప్రతి పెద్ద మగ ఏనుగుకూ వచ్చేదే. కణతల మీద తడి ఒక్కటే చూసి నిర్ణయించకండి, ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికి కూడా అక్కడ కారుతుంది. మగ ఏనుగుకు కణతలు తడిసి, వెనుక కాళ్ల మధ్య మూత్రం బొట్లుబొట్లుగా కారుతూ, ఘాటైన వాసన వస్తుంటే అది మదంలో ఉన్నట్టు. ఎంత దూరం వెనక్కి రావలసి వచ్చినా సరే, దానికి దారి వదిలేయండి.

చెవులు మెల్లగా విసురుకోవడం వేడికి చేసే పని, భయపడనక్కరలేదు. తల పైకెత్తి, చెవులు రెండూ విప్పి మీ వైపే నిలబడినా, తల విదిలించినా అది హెచ్చరిక. హారన్ కొట్టకుండా, ఇంజిన్ రొద పెంచకుండా నెమ్మదిగా వెనక్కి రండి. తల్లికీ పిల్లకూ మధ్యకు కారు పోనివ్వకండి. ఫోటో కోసం కిటికీలోంచి పైకి లేచి నిలబడే అలవాటు పిల్లలకు ఉంటే, ఆ అద్దాలకు తాళం వేసి ఉంచండి.

ప్రశ్న: పిల్లలకు మలేరియా మాత్రలు వేయాలా?

జవాబు: పిలనెస్‌బర్గ్ మలేరియా లేని ప్రాంతం, అక్కడికి మాత్రలు అక్కరలేదు. క్రూగర్‌కు వెళ్లే పనైతే ముందుగా డాక్టరును అడగాలి. గడ్డిలో ఉండే పిడుదుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. విహారపు చోట్ల పిల్లలు గడ్డిలో ఆడితే సాయంత్రం కాళ్లు, మోకాళ్ల వెనుక భాగం, నడుము చూడండి. వారం పది రోజుల్లో జ్వరం, తలనొప్పి వచ్చి ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కట్టిన మచ్చ కనిపిస్తే, అడవికి వెళ్లి వచ్చిన సంగతి డాక్టరుకు చెప్పండి. పిడుదు కాటు జ్వరానికి మంచి మందులున్నాయి.