నీళ్లు మెరిశాయా, వెలిగాయా?

సందేహం: జావా దక్షిణాన రాత్రిపూట తెల్లటి సముద్రంలో సాగిన ఒక తెరచాప పడవ గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 'భాస్వర కాంతితో మెరుస్తున్న సముద్రం' అని రాస్తే మా అన్నయ్య తప్పన్నాడు, 'జీవవెలుగు' అనమన్నాడు. ఏది సరి? 'మిల్కీ సీ'ని పాలసముద్రం అంటే పురాణ కథ అనుకుంటారేమోనని మరో టెన్షన్.

సమాధానం: భాస్వరం విషయంలో మీ అన్నయ్య మాట నిజమే. ఆయన సూచించిన పదం మాత్రం నిలవదు. అసలు చిక్కు మీరిద్దరూ పట్టించుకోని 'మెరుస్తున్న' దగ్గరుంది.

భాస్వరం సంస్కృతంలో విశేషణం. ప్రకాశించే స్వభావం గలది అని అర్థం. 'భాస్' ధాతువు మీద 'వర' ప్రత్యయం చేరింది. స్థావరం, ఈశ్వరుడు కూడా ఆ ప్రత్యయంతో వచ్చినవే. 1669లో హాంబర్గ్‌లో హెనిగ్ బ్రాండ్ అనే ఆయన బంగారం దొరుకుతుందన్న ఆశతో మూత్రాన్ని మరగబెట్టి మరగబెట్టి, చీకట్లో వెలిగే పదార్థం తీశాడు. దానికి గ్రీకులో 'వెలుగు మోసేది' అనే అర్థమున్న ఫాస్ఫరస్ పేరు వచ్చింది. తెలుగులో భాస్వరం అన్నారు. అర్థం కలిసింది, చెవికీ దగ్గరగా ఉంది. ఇంత చక్కగా అమరిన పారిభాషిక పదాలు మనకు ఎక్కువ లేవు.

తర్వాత ఓడలవాళ్లు రాత్రి సముద్రపు వెలుగుకూ ఆ పేరే తగిలించారు. బీగిల్ ఓడ మీద వెళ్తూ డార్విన్ కూడా ఓడ ముందు చీలిన అలలను ద్రవ భాస్వరంతో పోల్చాడు. ఆయనది పోలిక. మీరు రాస్తున్నది సమాచారం. ఇక్కడ భాస్వరం మండటం లేదు. సూక్ష్మజీవుల ఒంట్లో లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ నడిపే రసాయన చర్య ఇది. (లూసిఫర్ అన్నా లాటిన్‌లో 'వెలుగు మోసేది' అనే. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం!)

'జీవవెలుగు' అంటే, సంస్కృత పదం వెనక తెలుగు పదం అతికించిన వైరి సమాసమని పాత వ్యాకర్తలు కసురుకుంటారు. నాకు వాళ్ల భయం పెద్దగా లేదు గానీ, పలకడానికీ ఇబ్బందిగానే ఉంది. జీవకాంతి అనొచ్చు. జీవదీప్తి ఇంకా నయం. కాంతి అనగానే మనకు ముఖవర్చస్సు కూడా తోస్తుంది కదా. ఒక్కసారి జీవదీప్తి అని వాడి, మిగతా చోట్ల 'వెలుగు' అంటే చాలు.

ఇక క్రియ. ఆకాశంలో మెరుపు మెరుస్తుంది, గూట్లో దీపం వెలుగుతుంది. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబు మెరుస్తుంది, వెలగదు. మెరవాలంటే క్షణంలో మాయమవ్వాలి, లేదా పరాయి వెలుగు మీద పడాలి. వెలగాలంటే సొంత నూనె, కాస్త నిలకడ కావాలి.

సముద్రంలో ఈ రెండూ ఉన్నాయి. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లలో అలలు నీలంగా కనిపించాయి. అది నాక్టిల్యూకా అనే సూక్ష్మజీవి పని. అల విరిగినా, అడుగు పడినా, తెడ్డు తగిలినా చటుక్కున మెరిసి ఆరిపోతుంది. అక్కడ 'మెరిసింది' అన్నదే సరైన మాట. 'మిణుకుమంది' అన్నా బాగుంటుంది, మిణుగురు మనకు ఎలాగూ తెలుసు.

మీ పడవ కథ వేరు. అదే నెల 2వ తేదీ రాత్రి, ఇండోనేషియాలోని లోంబోక్ నుంచి కోకోస్ దీవులకు వెళ్తున్న 'గణేశ' అనే ఆ పడవ వాళ్లకు సముద్రమంతా మంచు పరిచినట్టు కనిపించింది. వెలుగు అలల మీద కాదు, కింద దాదాపు పది మీటర్ల లోతు నుంచి వస్తున్నట్టు కెప్టెన్‌కు అనిపించింది. బకెట్‌తో నీళ్లు తోడి చూస్తే చుక్కలు చుక్కలుగా వెలుగు. కలిపితే ఆరిపోయింది! నాక్టిల్యూకాకు సరిగ్గా తలకిందులు. ఇలాంటి చోట బాక్టీరియా గుంపుగా పెరిగి, ఎవరూ తాకకుండానే నిలకడగా వెలుగుతుంది. ఆ ప్రాంతం లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా ఉందని, కనీసం 45 రాత్రులు అలాగే వెలిగిందని ఉపగ్రహ చిత్రాల్లో శాస్త్రవేత్త స్టీవెన్ మిల్లర్ బృందం తేల్చింది. దాదాపు తెలంగాణ అంత నీరు నెలన్నర పాటు వెలిగితే 'మెరిసింది' అని ఎలా రాస్తాం?

కాబట్టి మీ వాక్యం ఇలా మార్చండి: 'అలల మీద మెరుపు లేదు, లోపలి నుంచి నీరంతా తెల్లగా వెలుగుతోంది.'

పాలసముద్రం అని నిర్భయంగా రాయండి. పాలు తెలుగు, సముద్రం సంస్కృతం. అయినా ఆ సమాసాన్ని ఇంతవరకు ఎవరూ తప్పుబట్టలేదు. మొదటిసారి వచ్చినప్పుడు 'నావికులు పాలసముద్రం అనే' అని చేరిస్తే అనుమానం ఉండదు. అన్నట్టు, మన పాలసముద్రాన్ని చిలికితే అమృతం వచ్చింది, దీన్ని కలిపితే ఉన్న వెలుగూ పోయింది. పడవ పేరును మాత్రం 'వినాయకుడు' అని తెలుగు చేయకండి. పాలసముద్రం మీద వినాయకుడు వెళ్తున్నాడంటే అప్పుడు నిజంగానే పురాణమవుతుంది.