జుట్టు ఊడుతుంటే ఇంతగా కుంగిపోవడం మామూలేనా?

ఆరు నెలలుగా జుట్టు ఊడుతోంది, నలుగురిలోకి వెళ్ళబుద్ధి కావట్లేదు, ఇంత చిన్నదానికి ఇలా అయిపోవడం మామూలేనా అని అడిగారు. మామూలేనండి, పైగా ఇది చిన్నదేం కాదు.

నాకు 26 ఏళ్ళప్పుడు తల వెనక బొటనవేలి గోరంత మేర నున్నగా అయిపోయింది, మా అక్క చూసి చెప్పింది, రెండు నెలలు తిరిగేసరికి అలాంటివి నాలుగు, ఒకటైతే సరిగ్గా పాపిట పక్కనే. పేనుకొరుకుడు అంటారే, అదే. ఆ పేరు వల్ల ఏదో పురుగు కొరికిందనీ, శుభ్రంగా ఉండదేమో అనీ అనుకుంటారు, నా దువ్వెన ముట్టుకోనివాళ్ళు కూడా ఉన్నారు. కానీ దానికి పేలతో ఏ సంబంధమూ లేదు, అంటుకోదు కూడా. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతుంది. డాక్టర్ ఈ మాట చెప్పినప్పుడు ఏడ్చేశాను, అప్పటిదాకా నేనే ఏదో తప్పు చేశాననుకుంటున్నా మరి.

జుట్టు పోవడం కన్నా దాన్ని దాచుకోవడమే నన్ను ఎక్కువ తినేసింది. లేవగానే దిండు చూసుకోవడం, స్నానం అయ్యాక జాలీకి చుట్టుకున్న వెంట్రుకలు లెక్కపెట్టడం, ఫ్యాన్ కింద కూర్చోకపోవడం, లిఫ్టులో అందరికన్నా వెనక నిలబడటం, ఫోటో అనగానే నేనే తీస్తానని ఫోన్ లాక్కోవడం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాట వినేదాన్ని కాదు, వాళ్ళ చూపు ఎక్కడుందో చూసేదాన్ని. ఫ్రెండ్స్ పిలిస్తే పనుందనేదాన్ని, కొన్నాళ్ళకి వాళ్ళూ పిలవడం మానేశారు, పొగరనుకున్నారట.

కలిసినవాళ్ళంతా తలా ఒక నూనె చెప్తారు, ప్రేమతోనే చెప్తారు, కానీ మనకి వినపడేది "నువ్వు సరిగ్గా చూసుకోలేదు" అనే. "టెన్షన్ పడకు, ఇంకా ఊడుతుంది" అన్నది మరీ కష్టం, బాధపడటానికి కూడా భయపడాలి ఇక.

ఒకరోజు ఆఫీసులో స్కార్ఫ్ జారిపోయింది, పక్క సీటు అమ్మాయి చూసింది, ఇక నేనే చెప్పేశాను. "నొప్పిగా ఉంటుందా?" అని ఒక్క మాట అడిగింది, అంతే, మళ్ళీ పని గురించే మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రం స్కార్ఫ్ బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

మీది ఏ రకమో ముందు తెలుసుకోండి. జ్వరమో, ఆపరేషనో, కాన్పో అయిన రెండు మూడు నెలలకి గుప్పెళ్ళకొద్దీ ఊడితే చాలావరకు తిరిగొచ్చేస్తుంది. నుదుటి దగ్గరో నడినెత్తినో మెల్లగా పల్చబడుతుంటే వంశపారంపర్యం కావచ్చు, దానికి ఆలస్యం చేయకూడదు. మినాక్సిడిల్ అని తలకి రాసే మందు ఉంటుంది, అది రాస్తే మొదటి వారాల్లో ఇంకాస్త ఊడొచ్చు, తేడా కనపడటానికి నాలుగైదు నెలలైనా పడుతుంది, అది తెలియక చాలామంది భయపడి మానేస్తారు. ఐరన్, థైరాయిడ్ టెస్టుల గురించి కూడా అడగండి. స్కిన్ డాక్టర్‌కి జుట్టు సంగతే కాదు, బయటికి వెళ్ళలేకపోతున్నాననీ చెప్పండి, నేను అది చెప్పకుండా ఏడాది పోగొట్టుకున్నాను.

నాకు ఆ మచ్చల్లోనే ఇంజెక్షన్లు ఇచ్చారు, మొదట తెల్ల వెంట్రుకలొచ్చి తర్వాత నల్లబడ్డాయి. పోయినేడు మళ్ళీ ఒకచోట ఊడింది. ఈసారి ఆ రోజే మా అక్కకి చూపించాను.