లోహం ఎక్కడ పేరుకోవాలి, ఎక్కడ పేరుకోకూడదు?

ప్రశ్న: రాగిని విద్యుత్తుతో శుద్ధి చేయడం, వస్తువులకు వెండి పూత వేయడం, బ్యాటరీని ఛార్జి చేయడం: ఈ మూడింటి బొమ్మలూ పాఠ్యపుస్తకాలలో దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక తొట్టి, రెండు ఎలక్ట్రోడ్లు, నడుమ ద్రావణం. సూత్రం ఒకటే అయినప్పుడు వేర్వేరు ఆవిష్కరణలు ఎందుకు అవసరమయ్యాయి?

జవాబు: సూత్రం ఒకటే. ఎంత విద్యుత్తు ప్రవహిస్తే ఎంత పదార్థం మార్పు చెందుతుందో 1830ల దశకంలో మైకేల్ ఫారడే తేల్చిన నియమాలు మూడింటికీ వర్తిస్తాయి. తేడా అంతా కాథోడ్‌కు (రుణ ఎలక్ట్రోడ్‌కు) చేరే లోహం నుంచి మనం ఏం ఆశిస్తున్నామన్న దానిలోనే ఉంది. శుద్ధిలో అది తన మలినాలను వెనకే వదిలి రావాలి. పూతలో నునుపుగా, ఊడిరాకుండా అంటుకుపోవాలి. బ్యాటరీలో అయితే వచ్చిన దారినే వందల సార్లు తిరిగి వెళ్లగలగాలి.

శుద్ధి సంగతి చూద్దాం. కొలిమి నుంచి వచ్చిన రాగిలో ఇనుము, నికెల్, వెండి, బంగారం వంటివి కొద్దికొద్దిగా మిగిలి ఉంటాయి. ఆ రాగి పలకను ధన ఎలక్ట్రోడ్‌గా, అంటే ఆనోడ్‌గా చేసి, మైలుతుత్తం, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసిన ద్రావణంలో దించి, తక్కువ వోల్టేజి పెడతారు. రాగి కన్నా సులువుగా కరిగే ఇనుము, నికెల్ ద్రావణంలోకి దిగుతాయి కాని, ఆ కొద్దిపాటి వోల్టేజికి కాథోడ్ మీద పేరుకోలేక ద్రావణంలోనే ఉండిపోతాయి. వెండి, బంగారం అడుగున ఆనోడ్ మడ్డిగా చేరతాయి. కాథోడ్ మీదికి చేరేది సుమారు 99.99 శాతం స్వచ్ఛమైన రాగి. జేమ్స్ ఎల్కింగ్టన్ 1865లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇందులో తెలివంతా వోల్టేజిని తక్కువగా ఉంచడంలోనే ఉంది. మడ్డిని పారబోయరన్నది వేరే చెప్పనక్కరలేదు.

పూత దగ్గర సమస్య వేరు. మామూలు సిల్వర్ నైట్రేట్ ద్రావణం నుంచి వెండి గరుకు స్ఫటికాలుగా, చెట్టుకొమ్మల్లా పెరుగుతుంది. పైగా ఇత్తడి వస్తువును అందులో ముంచగానే, కరెంటు పెట్టక ముందే, వెండి దాని మీద వదులుగా పట్టేస్తుంది. అలా పట్టినది తేలిగ్గా ఊడిపోతుంది. బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ రైట్ అనే వైద్యుడు పొటాషియం సయనైడ్ ద్రావణాన్ని వాడి ఈ చిక్కు విప్పాడు. అతని పద్ధతిని కలుపుకొని ఎల్కింగ్టన్ కుటుంబం 1840లో పేటెంటు పొందింది. సయనైడ్ వెండి అయాన్లను (విద్యుదావేశం ఉన్న పరమాణువులను) గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి ద్రావణంలో స్వేచ్ఛగా తిరిగే అయాన్లు అతి స్వల్పం. అందువల్ల లోహం తొందరపడకుండా సన్నని రేణువులుగా, సమంగా పరుచుకుంటుంది. ఇంత చక్కని పూత ఇంతటి విషం మీద ఆధారపడటం ఈ వృత్తిని ఇప్పటికీ వదలని బెడద.

ఇక బ్యాటరీ. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం డైసల్ఫైడ్‌ను ఒక ఎలక్ట్రోడ్‌గా, లిథియం లోహాన్ని రెండవదిగా వాడి మళ్లీ మళ్లీ ఛార్జి చేయగల బ్యాటరీని తయారు చేశాడు. ఛార్జి చేసిన ప్రతిసారీ లిథియం తిరిగి లోహంగా పేరుకునేది. అంటే నిజానికి అది ఒక లిథియం పూత తొట్టి. వెండి చేసిన అల్లరే లిథియమూ చేసింది: సూదుల్లా పెరిగి అవతలి ఎలక్ట్రోడ్‌ను తాకితే లోపలే షార్ట్ సర్క్యూట్. 1980లో జాన్ గుడెనఫ్ లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను ధన ఎలక్ట్రోడ్‌గా చూపాడు. 1985లో అకిరా యోషినో లిథియం లోహాన్ని తీసేసి, లిథియం అయాన్లను తనలోకి చొరనిచ్చే కార్బన్ పదార్థాన్ని దాని స్థానంలో పెట్టాడు. మామూలుగా లోహం అసలు పేరుకోనే పేరుకోదు. నా దృష్టిలో లిథియం అయాన్ బ్యాటరీ పూత వేయడాన్ని అరికట్టిన ఆవిష్కరణ. దానికి చెల్లించిన మూల్యమూ తక్కువేమీ కాదు: గ్రాము లిథియం లోహం సిద్ధాంతపరంగా సుమారు 3,860 మిల్లీఆంపియర్-గంటల ఛార్జిని ఇవ్వగలిగితే, అలాంటి కార్బన్ పదార్థమైన గ్రాఫైట్ గ్రాముకు ఇవ్వగలిగేది 372 మాత్రమే. ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

ప్రశ్న: బాగా చలిగా ఉన్నప్పుడు బ్యాటరీని వేగంగా ఛార్జి చేయవద్దంటారు. దానికీ పై విషయానికీ సంబంధం ఉందా?

జవాబు: నేరుగా ఉంది. పూర్తిగా ఛార్జి అయిన గ్రాఫైట్‌కూ లిథియం లోహానికీ మధ్య వోల్టేజి తేడా సుమారు 0.1 వోల్టు మాత్రమే. చలిలో అయాన్లు గ్రాఫైట్ పొరల్లోకి మెల్లగా చొరబడతాయి. పైనుంచి కరెంటు ఎక్కువగా తోస్తే లోపలికి పోలేనివి ఉపరితలం మీదే లోహంగా మారతాయి. అలా పేరుకున్న లిథియంలో కొంత తిరిగి వినియోగానికి రాదు కాబట్టి బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది.

ప్రశ్న: పాత డ్రై సెల్స్‌లో పాదరసం ఉండేదని చదివాను. విషమని తెలిసీ ఎందుకు కలిపారు? ఎలా మానగలిగారు?

జవాబు: జింకులోని మలినాల కోసం కలిపారు. ఇనుము వంటి మలిన రేణువు జింకు మీద ఉంటే, ఆ రెండే ఒక చిన్న సెల్‌గా ఏర్పడి, బ్యాటరీని వాడకపోయినా జింకు కరుగుతూ హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. మూసి ఉన్న సెల్ ఉబ్బి కారుతుంది. పాదరసం జింకు ఉపరితలాన్ని కప్పి ఆ వాయువు పుట్టకుండా ఆపేది. తర్వాత జింకునే మరింత శుద్ధి చేసి, ఇండియం, బిస్మత్ వంటి లోహాలను అతి కొద్దిగా కలపడంతో పాదరసం అవసరం తీరిపోయింది. అమెరికా 1996లో చేసిన చట్టం పాదరసం కలిపిన సెల్స్ అమ్మకాన్ని చాలావరకు నిషేధించింది.

లిథియం బ్యాటరీలలోనూ ఇదే పట్టింపు ఉంది, ఇంకా కఠినంగా. ధన ఎలక్ట్రోడ్‌లో చిక్కుకున్న ఇనుప రజను కరిగి, ద్రావణం గుండా ప్రయాణించి, రుణ ఎలక్ట్రోడ్ మీద పేరుకొని రెండు ఎలక్ట్రోడ్లనూ వేరుచేసే పొరను పొడవగలదు. అందుకే ఎలక్ట్రోడ్ పొడులను అయస్కాంతాల గుండా పంపుతారు. ఎలక్ట్రోలైట్‌లో (ఎలక్ట్రోడ్ల నడుమ ఉండే ద్రావణంలో) తేమ మిగిలితే అందులోని లవణం విచ్ఛిన్నమై హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. బ్యాటరీ కర్మాగారాలలో గాలిని సైతం తేమ లేకుండా ఆరబెట్టడానికి కారణం అదే.