పెళ్లికి వెళ్లండి, సంతకం మాత్రం పెట్టకండి

"మా మామగారు రియల్ ఎస్టేట్‌లో పేరున్న మనిషి. ప్రీ లాంచ్ పేరుతో డబ్బు తీసుకుని ఇళ్లు ఇవ్వలేదనీ, అధికారులకు లంచాలిచ్చారనీ, ఫిర్యాదు చేసినవాళ్లను కొట్టించారనీ కేసులు. ఇప్పుడు జైల్లో ఉన్నారు. నెలాఖరున మా తమ్ముడి పెళ్లి. నలుగురిలో తలెత్తుకోలేను. వెళ్లనా, మాననా? రెండు కంపెనీల్లో నేను పేరుకే డైరెక్టర్‌ని. కాగితాలు వస్తే మావారు 'నాన్నగారు చూసుకుంటారు, పెట్టెయ్' అంటారు. పెడతాను. – ఒక కోడలు"

పెళ్లికి వెళ్లండమ్మా. ఆడపడుచు లేకుండా తమ్ముడిని పెళ్లికొడుకును చేసేదెవరు? చెవులు కొరుక్కునేవాళ్లు మీరు వెళ్లకపోతే ఇంకాస్త తీరిగ్గా కొరుక్కుంటారు. ఆ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అక్కరలేదు.

నన్ను ఆపింది ఉత్తరం చివర మీరు పోతూ పోతూ రాసిన మాటలు. కంపెనీల చట్టంలో పేరుకే డైరెక్టర్ అనే హోదా లేదు. మీ డిజిటల్ సంతకం, అంటే కంప్యూటర్లో మీ పేరిట సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం, ఎవరి దగ్గరుందో మీకు తెలుసా? ఇలాంటి ఇళ్లలో అది సాధారణంగా అకౌంటెంటు సొరుగులో ఉంటుంది. మీరు వంటింట్లో ఉండగా అది ఆఫీసులో పని చేస్తూనే ఉంటుంది.

సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు 2009 జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో, లెక్కల్లో జరిగిన మోసం గురించి తన కుటుంబ సభ్యులకు ఏమీ తెలియదన్నారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన 10 మందిలో ఆయన తమ్ముళ్లు ఇద్దరున్నారు. తర్వాత పై కోర్టు ఆ శిక్షలను నిలిపి బెయిలిచ్చింది, అది వేరే సంగతి. ఇంటిపెద్ద మాట ఇంటివాళ్లకు రక్షణ కాలేదు.

మీ మామగారు దోషా కాదా కోర్టు తేలుస్తుంది. మీకు తేలాల్సింది మీ ఆయనతో. తండ్రిని ఒక్క ప్రశ్న అడగలేని మనిషి, ఆ భయంతో మీ చేత సంతకం చేయిస్తున్నాడు. దీనికి పితృభక్తి అని పేరు పెట్టకండి. జైల్లో ఉన్న పెద్దాయనకు బట్టలు, మందులు పంపండి, అత్తగారి పక్కన కూర్చోండి. కోడలిగా మీ ధర్మం అక్కడితో సరి. మరొకటి, జీవితమంతా కూడబెట్టింది తెచ్చి ఆ కంపెనీకి కట్టినవాళ్ల గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. నాకు అది నచ్చలేదు.

ఈ రాత్రే మీవారితో చెప్పండి: చదవని కాగితం మీద ఇకపై సంతకం ఉండదని. డిజిటల్ సంతకం తెప్పించుకోండి. ఇంతవరకు వేటి మీద పెట్టారో నకళ్లు అడగండి. రాజీనామా చేసినా పాత సంతకాల బాధ్యత పోదు కాబట్టి ముందు వకీలును కలవండి. మామగారి వకీలును కాదు, ఆయన మామగారిని కాపాడటానికి ఉన్నాడు. పుట్టింటివాళ్లకు తెలిసిన మరొకరిని చూసుకోండి. ఆర్థిక నేరాలు విచారించే ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) పిలిస్తే వెళ్లి నిజమే చెప్పండి. మీవారు అలుగుతారు, అలగనివ్వండి.