డ్రయ్యర్ గుంయ్‌మంటోంది గానీ తిరగట్లేదు, మోటారు పోయినట్టేనా?

మీరు అడిగింది ఇదీ: సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్లో ఉతికే వైపు బాగానే ఉంది, డ్రయ్యర్ వైపు టైమర్ తిప్పితే మూలుగుతుంది తప్ప టబ్ కదలదు. మెకానిక్ మోటారు మార్చాలన్నాడు. మార్పించాలా, కొత్త మెషినే కొనుక్కోవాలా?

రెండూ వద్దు. మొదట మెషిన్ వెనక వైపు పలక విప్పించండి. గుంయ్‌మంటోందంటే కరెంటు మోటారు దాకా వస్తున్నట్టేగా! టైమరూ, మూత కింద స్విచ్చీ బాగున్నట్టే. అసలు చప్పుడే లేకపోతే వాటిని అనుమానించాలి. చప్పుడు చేస్తూ తిరగట్లేదంటే ఏదో పట్టుకుని ఆపుతోంది, లేదా మొదట్లో ఊపు ఇవ్వాల్సిన కెపాసిటర్ చచ్చిపోయింది. మోటారు కాలడం వీటి తర్వాతి మాట.

మా ఇంట్లో ఇది కార్తీకమాసంలో వచ్చింది. మాది కాకినాడ. తుఫాను ముసురు పట్టింది, ఎండ జాడ లేదు. తెల్లారకుండానే తలస్నానాలు, ఇంటినిండా తడి చీరలు, తువ్వాళ్లు, పిల్లల యూనిఫాంలు. వసారాలో దండేలు చాలక కిటికీ ఊచలకు కూడా బట్టలే. ఫ్యాను కింద ఆరేసిన జీన్స్ ప్యాంటు మర్నాటికి ముక్కవాసన. మడి చీర మెషిన్లో వేయనివ్వరు కాబట్టి మా అత్తగారొక్కరే నిశ్చింతగా ఉన్నారు. "చేత్తో పిండుకుంటే ఈ తిప్పలుండేవా" అని రోజూ ఓ మాట అంటించడం.

మెకానిక్ వచ్చాడు. స్విచ్చి వేశాడు, చెవొగ్గి విన్నాడు. "మోటారు పోయింది మేడమ్, 3,000 అవుతుంది" అన్నాడు. స్క్రూడ్రైవర్ సంచిలోంచి బయటికే రాలేదు. డాక్టరైనా నాడి పట్టుకుని చూస్తాడు కదండీ! చూసినందుకని 300 పుచ్చుకుని మరీ వెళ్లాడు. నా ఒళ్లు మండేది ఇక్కడే. ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు వస్తే ప్రతి రిపేరూ "మోటారు" అయిపోతుంది. మిక్సీ అయినా అంతే, నీళ్ల మోటారైనా అంతే. పాత మోటారు ఇక్కడ పెట్టేసి వెళ్లమనండి, ముఖం మారిపోతుంది.

ఆదివారం సామర్లకోట నుంచి మా ఆడపడుచు వాళ్లొచ్చారు. అన్నయ్యగారికి అక్కడ ఫ్యాన్లకీ మిక్సీలకీ వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్టు, చేసే కొట్టుంది. ఆ మూలుగు వినగానే కాఫీ గ్లాసు కింద పెట్టి, "ముందు ప్లగ్గు పీకమ్మా, ఉన్న మోటారు కాస్తా కాలిపోతుంది" అన్నారు. తిరగకుండా మూలిగే మోటారు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కిపోతుంది. ఇంకోసారి తిప్పి చూద్దాం, ఇంకోసారి అనుకుంటూ చాలామంది బాగున్న మోటారును తగలబెట్టుకునేది ఇలాగే.

మెషిన్ ముందుకు లాగి పలక విప్పితే, అడుగున ఎలుక కాపురం. కొబ్బరి పీచు, బట్ట పేలికలు, సగం కొరికిన దీపం వత్తులు. వైర్లు కొరకలేదు, అదృష్టం. నన్ను డ్రయ్యర్ మూత ఎత్తి దించమన్నారు. ఆ మూతకు బ్రేకు తీగ ఉంటుంది. మూత వేస్తే తీగ లాగి బ్రేకు వదులుతుంది, తీస్తే బ్రేకు పట్టి టబ్ ఆగుతుంది. మాది మూత వేసినా వదలట్లేదు, తీగ సాగిపోయింది. కొక్కేన్ని ఒక కన్నం ముందుకు జరిపి తగిలించారు. మళ్లీ మూత వేయించి, మోటారునీ టబ్‌నీ కలిపే కప్లింగును చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. పలక బిగించి టైమర్ తిప్పితే రయ్యిమంది. పైసా ఖర్చు లేదు. "ఆ 3,000తో ఇత్తడి కుందులు కొనండి" అన్నారు మా అత్తగారు.

కాబట్టి మీరూ ప్లగ్గు పీకించి, మూత వేయించి, ఆ కప్లింగు తిప్పించి చూడండి. బిగుసుకుని ఉంటే బ్రేకయినా కావాలి, లోపలి టబ్‌కీ బయటి టబ్‌కీ మధ్య జారిపడిన సాక్సయినా కావాలి. మెషిన్‌తో ఇచ్చే గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లను టబ్‌లో బట్టల మీద నొక్కి పెట్టమనేది ఇందుకే. మా చుట్టాల్లో సగం మందికి అదెందుకిచ్చారో తెలియదు, అటక మీద పారేశారు. తేలిగ్గా తిరిగితే మాత్రం కెపాసిటరే అనుకోండి. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని (కెపాసిటర్ కొలత అది) రాసుంటే అన్నే ఉన్నది వేయించాలి. కొన్ని మెషిన్లలో ఉతికే మోటారుకీ దీనికీ కలిపి ఒకటే డబ్బా ఉంటుంది. ప్లగ్గు పీకినా అందులో కరెంటు నిలవుంటుంది కాబట్టి ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. వేసవి సాయంత్రాలు ఓల్టేజి పడిపోయినప్పుడే ఇలా అవుతుంటే మెషిన్‌ని ఏమీ అనకండి, రాత్రి పదింటికి వేసి చూడండి.

కొందరు చేత్తో టబ్‌ను ఒక తోపు తోసి స్టార్ట్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది నిమిషానికి 1,300 చుట్ల దాకా తిరిగే వస్తువు, చీర కొంగు చిక్కితే చెయ్యి మిగలదు.

కాలిన వాసన వచ్చినా, కింది రబ్బరు సీలు చిరిగి నీళ్లు కారి మోటారు తుప్పు పట్టినా అప్పుడు మార్చుకోవచ్చు, వైండింగ్ చేయించుకోనూవచ్చు. అంతమాత్రానికి ఫుల్లీ ఆటోమేటిక్ కొనెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అందులో ఎలక్ట్రానిక్ బోర్డు పోతే విప్పినా ఏమీ కనపడదు, వాళ్లు చెప్పిందే రేటు. మీ మెకానిక్ మళ్లీ వస్తే, పలక విప్పేదాకా కాఫీ ఇవ్వకండి.